ఫారంలో తప్పు పడిన ఊరు

“భాష హిందీ అని ఎందుకు రాసినవురా?”

“ఏ ఫారం మీదైనా అదే రాస్తం గదనే అమ్మా. రేషన్ కార్డుకు రాయలే?”

“రేషన్ కార్డుకు బియ్యం ఇస్తరు. ఇది నా నెత్తురు.”

“నెత్తురుకు భాష ఉంటదా ఏంది?”

“ఊరు జగదల్‌పూర్ అంట. నేను పుట్టింది ఈడనా?”

“మన ఊరు తర్రెం అని రాస్తే చిట్ఠీ వస్తదా మనకు? అందుకే నా రూము అడ్రసు రాసిన.”

“వాళ్లు అడ్రసు అడగలే. మీ పెద్దలది ఏ ఊరని అడిగిన్రు. నువ్వేమో ఫోను గోక్కుంటున్నవు.”

ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం, జగదల్‌పూర్‌లో మా చిన్నకొడుకు అద్దె గదిలో జరిగిన గొడవ ఇది. తప్పంతా వాడిదే అనలేను. మా వైపు అందరం ఫారాల్లో హిందీ అనే రాస్తాం. తెలుగనో, ఇంట్లో మాట్లాడే మా దొర్లి భాష అనో రాస్తే గుమస్తా ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తాడు.

నాకు తెల్లకణాల క్యాన్సర్. ఏళ్ల తరబడి నడిచే రకం. కుండెడు నీళ్లు మోస్తే రోజంతా పడుకోవాల్సి వస్తోంది. నేను చదివింది మూడో తరగతి. డాక్టరమ్మ చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత రాస్తున్నాను. రోగాన్ని పట్టుకోవడానికి తెల్లకణాల మీద కొక్కేల్లాంటివి ఉంటాయట. వాటిని తయారుచేసే జన్యువులను చూస్తే, జబ్బు నిదానంగా సాగుతుందో తొందరపడుతుందో కొంత తెలుస్తుందట. ఆ జన్యువుల తీరు అన్ని జనాల్లో ఒక్కలా ఉండదట. విదేశాల వాళ్ల నెత్తురు చాలా చూశారు, మా అడవి వైపు వాళ్లది చూసింది తక్కువ. అందుకని పరీక్ష కోసం ఇంకో గొట్టం నెత్తురు ఇమ్మని అడిగింది. నేను ఏదీ ఊరికే ఇచ్చే మనిషిని కాను. అయినా ఇచ్చాను. ఫారంలో తప్పు వల్ల అది వేరే జనం కింద పడితే, రేపు మా వైపు నుంచి ఇదే జబ్బుతో వచ్చే మనిషికి ఎందుకూ పనికిరాదు.

“పొద్దున పోయి మార్పిద్దాం,” అన్నాను.

“నాకు డ్యూటీ ఉందే. ఒక్క గొట్టానికి ఏమైతది?”

“మనోళ్లది ఆ ఒక్కటే గదరా ఉన్నది.”

వాడు సగం అన్నం వదిలేసి లేచాడు. తిట్టే ఓపిక లేక ఆ కంచం నేనే ఖాళీ చేశాను.

పొద్దున ఇద్దరం ఆటోలో వెళ్లాం. గొట్టం అప్పటికే పెద్ద ల్యాబుకు వెళ్లిపోయింది. కౌంటర్లో అమ్మాయి ఫోను చేసి, కంప్యూటర్లో పాత రాత తీసేసింది. ఇంట్లో మాట్లాడేది దొర్లి, తెలుగు అని రాసుకుంది. మా అమ్మ ఊరు, నాన్న ఊరు చెప్పాను. నాన్నను కన్న తల్లిది ఏ ఊరని అడిగింది. నాకు తెలియదు. ఆ గడి ఖాళీగా వదిలేసింది. సంతకం పెట్టాను. వాడు డ్యూటీకి పోయాడు, నేను ఊరి బస్సెక్కాను.