ఎదురింటి పిలుపు

మా తాతమ్మ పేరు అలివేలమ్మ. నిజానికి ఆమె మా ఆయనకు నాయనమ్మ. మా వర్షిణికి మాటలొచ్చి ‘తాతమ్మా’ అనడం మొదలుపెట్టాక వీధి వీధంతా అలాగే పిలుస్తోంది. ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. చెవులు సరిగా పనిచేయవు గానీ, నేను వంటింట్లో గొణుక్కునేది మాత్రం ఒక్కటీ వదలదు. “కోపం మీద తాలింపెయ్యమాకే ప్రసన్నా, మాడిద్ది” అని మంచం మీంచే కేకేస్తుంది. చాలాసార్లు మాడింది కూడా. నాకు ఒళ్ళు మండేది.

మాది వెల్దుర్తి దగ్గర మెట్ట ఊరు. తాతమ్మ కాపురానికొచ్చిన ఏడాదే ఎదురింటికి వీరరాఘవమ్మ కోడలిగా వచ్చిందట. ఎండాకాలం బావులు ఎండితే ఇద్దరూ వాగులోకి దిగి, ఇసుకలో చెలమ తవ్వి, నీళ్ళు ఊరేదాకా కాచుకునేవారు. ఒకరు ముంతతో కడవ నింపుతుంటే ఇంకొకరు కొంగు పరుచుకుని కునుకు తీసేవారట. “అత్తల మీద చాడీలన్నీ ఆడే చెప్పుకున్నాం. ఇంట్లో చెప్పుకుంటే ఈపు చిట్లిద్దిగా!” అని బోసినోటితో నవ్వుతుంది. మా మామగారు పుట్టినప్పుడు ఈమెకు జ్వరమొచ్చి పాలు ఎండిపోతే, వీరరాఘవమ్మే తన బిడ్డతో పాటు ఆయనకూ పాలిచ్చింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వదు.

అలాంటి రెండిళ్ళ మధ్యకు పంచాయతీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. మా ఆయనది ఒక పార్టీ, వీరరాఘవమ్మ మనవడు ధనుంజయరావుది ఇంకో పార్టీ. ఒకే సైకిల్ మీద బడికి పోయినవాళ్ళు కర్రలు పట్టుకున్నారు. తలలు పగిలాయి, కేసులు పడ్డాయి. ఇక అప్పట్నుంచి వాళ్ళ గడప మేం తొక్కకూడదు, మా గడప వాళ్ళు తొక్కకూడదు. పెళ్ళికీ లేదు, చావుకీ లేదు. ముసలాళ్ళిద్దరూ రోడ్డుకు ఇటొకరూ అటొకరూ అరుగుల మీద కూర్చుని చూసుకోవడమే తప్ప మాటల్లేవు. ఈ మధ్య వీరరాఘవమ్మ మంచాన పడిందని విన్నాం. ఆ చూసుకోవడం కూడా పోయింది.

మొన్న మాఘమాసంలో వర్షిణికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. మా వైపు కార్డు ఎంత ఖరీదుదైనా, బొట్టు పెట్టి చెప్పకపోతే పిలిచినట్టు కాదు. కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఎదురిల్లు మాత్రం దాటేశాను.

“రాఘవమ్మోళ్ళకి చెప్పావా?” అంది తాతమ్మ, నేను ఇంట్లోకి అడుగు పెట్టీపెట్టగానే.

“నీ మనవణ్ణే అడుగు తాతమ్మా,” అన్నాను విసురుగా.

మా ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. “ఆ ఇంటి ఊసు తేమాక నాయనమ్మా. ఆళ్ళని పిలిస్తే రేపు నా ఎనక ఎవురు నిలబడతారు?”

ఆమె చేతికర్ర తీసుకుని లేచింది. నేను వెంటపడేలోపే రోడ్డు మధ్యకు వెళ్ళిపోయింది. నాపరాళ్ళ ట్రాక్టర్ ఒకటి ఆగి హారన్ మోగించింది. వినపడితేగా! ఎదురింటి గేటు పట్టుకుని గొంతెత్తింది.

“రాఘవమ్మా! మొగుడు పోయినదాన్ని, నేను బొట్టు పెట్టకూడదు. నోటితోనే పిలుత్తున్నా. ఆదివారం పిల్లకి ఓణీలు. వచ్చి అచ్చింతలెయ్యి.”

ధనుంజయరావు వరండాలో నిలబడి చూశాడు గానీ, రమ్మనలేదు, పొమ్మనలేదు. జనమంతా గుమ్మాల్లోకి వచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మెల్లగా తిరిగొచ్చి మంచమెక్కింది.

“పంపరు తాతమ్మా, ఆశ పెట్టుకోమాక,” అన్నాను.

“పంపకపోతే మానె. నేను పిలవలేదని అది అనుకోకుండా ఉంటే చాలు.”

ఆదివారం అక్షింతల వేళకు షామియానా కింద ఉన్నట్టుండి మాటలాగిపోయాయి. ధనుంజయరావు వీరరాఘవమ్మను చంటిపిల్లలా చేతుల మీద ఎత్తుకుని రోడ్డు దాటుతున్నాడు. మా గేటు దగ్గర ఆగిపోయాడు.

“మా నాయనమ్మని పిలిచారు, తెచ్చా. నన్నెవురూ పిలవలా. ఎవురన్నా వచ్చి తీసుకపోండి,” అన్నాడు ఎటో చూస్తూ.

మా పార్టీ వాళ్ళంతా మా ఆయన ముఖం చూస్తున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. వర్షిణిని కేకేసి, ఇద్దరం ఆమెను మోసుకొచ్చి తాతమ్మ పక్కన కూర్చోబెట్టాం.

“ఇంత సిక్కిపోయావేందే?” అంది తాతమ్మ.

“నువ్వేదో లావెక్కినట్టు!” అందామె.

ఇద్దరికీ చెవుడేనాయె, మాటలు అందరికీ వినపడుతున్నాయి.

“లేవలేనిదాన్ని నన్నెందుకు పిలిచావే? ఫంక్షన్ నేను లేకపోతే ఆగిద్దా?”

“నువ్వు పోతే ఈళ్ళు నన్ను రానియ్యరే. నేను పోతే ఆళ్ళు నిన్ను రానియ్యరు. ఎవురు ముందు పోయినా రెండోది అరుగు మీద కూచ్చుని పాడె పోతుంటే చూడాల్సిందేగా. అందుకని ఇయ్యాలే చూసుకుందామని పిలిచా.”

నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. మా ఆయన లేచాడు. ఎవరి వంకా చూడకుండా గేటు దాకా నడిచాడు. ధనుంజయరావు ఇంకా అక్కడే ఎండలో నిలబడి ఉన్నాడు.

“లోపలికి రా బావా,” అన్నాడు మా ఆయన. “ఆళ్ళిద్దర్లో ఎవురు పోయినా పాడె మనిద్దరం కలిసే మొయ్యాల.”

ధనుంజయరావు చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.