గేర్ల పెట్టె పట్టుకుని గుంటూరు దాకా

శనివారం ఉదయం ఆరూ నలభైకి వినుకొండ స్టేషన్లో గుంటూరు ప్యాసింజర్ ఎక్కాను. చేతిలో మా ఆవిడ కూరగాయలకు వాడే గుడ్డ సంచి, అందులో పాత తువ్వాల్లో చుట్టిన అల్యూమినియం పెట్టె. అరచేతికన్నా కాస్త పెద్దది. దాని పేరు ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్ అని, విప్పించి తెమ్మని అంతకు ముందు రోజే గుంటూరు మెకానిక్ ఫోన్లో చెప్పాడు. ఆటోమేటిక్ కారులో ఎప్పుడు ఏ గేరు పడాలో చెప్పేది అదేనట.

చిన్నప్పుడే పోలియోతో నా ఎడమ కాలు పోయింది. నేను పశువుల డాక్టర్ని. పదేళ్ళు ఎవరో ఒకరి మోటారు సైకిల్ వెనక కూర్చునే ఊళ్ళు తిరిగాను. వాళ్ళకు తీరుబడి ఉన్నప్పుడే గేదెలకు జబ్బు చెయ్యాలి అన్నట్టుండేది నా ఉద్యోగం. రెండేళ్ళ కిందట, రిటైరైన ఒక బ్యాంకు ఆఫీసరు దగ్గర క్లచ్ లేని కారు సెకండ్ హ్యాండ్లో దొరికింది. అప్పట్నుంచి ఎవర్నీ ఏదీ అడగకుండా బతికాను. ఆ సుఖం రెండు కాళ్ళున్నవాళ్ళకు చెప్పినా తెలియదు.

బుధవారం ఆ కారు మూడో గేర్లో బిగుసుకుపోయింది. కదలడానికే మూలుగుతోంది, ఎత్తు వస్తే ఎక్కనంటోంది. సరిగ్గా ఆ వారమే మా పై అధికారి, మంచాయనే, పిలిచి చెప్పారు. "తిరగడం కష్టంగా ఉంది గదా మీకు. గుంటూరు ఆఫీసులో సీటు ఖాళీ ఉంది. ఏ సంగతీ సోమవారానికి చెప్పండి." ఫైళ్ళు మేత మేయవు, ఈనవు. నాకు ఆ సీటు వద్దు. వద్దనాలంటే సోమవారానికి కారు నడవాలి.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. కాలికి ఇబ్బంది ఉంటే రైలు మధ్య బోగీలు ఎక్కండి. చివరి బోగీలు ఒక్కోసారి ప్లాట్‌ఫారం అందవు. నాకు కిటికీ పక్క సీటే దొరికింది. ఎదురుగా తలపాగా చుట్టుకున్న ముసలాయన చాలాసేపు నా ఒళ్ళోని సంచినే చూశాడు.

"అదేందయ్యా, రేడియోనా?"

"కారుకి బుర్ర, పెద్దాయనా."

"కారుక్కూడా బుర్రుంటదా? మా ఊళ్ళో నడిపేవాడికే లేదు."

శావల్యాపురం దాటాక రెండు వైపులా పత్తి చేలు. అక్కడక్కడా మొదటి కాయలు పగిలాయి. కిటికీలోంచి పురుగుమందు వాసన బోగీలోకి కొట్టింది. ఆ నెలల్లో మా వైపు గాలి వాసనే అది, అన్నం దగ్గర కూడా పట్టించుకోం. నరసరావుపేటలో నాలుగు ఇడ్లీ, టీ. నల్లపాడులో ఎదురు బండి కోసం ఇరవై నిమిషాలు నిలబెట్టారు. ఆ ఇరవై నిమిషాలూ ఆ కారు చేసిన కంపెనీని, నాకు అమ్మిన ఆఫీసరును మనసులో తిట్టుకున్నాను. గుంటూరు చేరేసరికి పదిన్నర.

స్టేషన్ నుంచి ఆటోనగర్‌కు ఆటో ముప్ఫై అన్నాడు, పాతికకు వచ్చాడు. నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఫోన్లో మాట్లాడిన మస్తాన్ గారి షెడ్డు. ఆయనకు యాభై దాటాయి, కళ్ళజోడుకు దారం కట్టుకుని మెడలో వేసుకుంటాడు. ఆటోమేటిక్ బండి అంటే గుంటూరులో అందరూ ఆయన పేరే చెబుతారు. నాకు కుర్చీ వేసి, పెట్టె నాలుగు మరలూ విప్పాడు. లోపల పిన్నుల్లాంటి రాగి కాళ్ళ చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"డాక్టరు గారూ, దీని మీద ఏం పోశారండి?"

"ఏమీ పొయ్యలేదండి. కారు మామూలుగా నీళ్ళతోనే కడుగుతాం."

ఆయన పెట్టె నా చేతికిచ్చాడు. వాసన చూశాను. రైల్లో వచ్చిన వాసనే. పురుగుమందు తాగిన పశువుల నోటి నురగలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇన్నాళ్ళూ కారులో వచ్చేది చేల వాసన అనుకున్నాను.

"దసరాకి మా బావమరిది స్ప్రేయర్‌తో ఒకసారి కడిగాడండి" అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ అబద్ధం.

మస్తాన్ గారు లోపలికెళ్ళి అలాంటిదే ఇంకో పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. లారీ గుద్దిన బండిలోంచి తీసిందట.

"నా దగ్గర ఇదొక్కటే ఉందండి. కొత్తది మద్రాసు నుంచి రావాలంటే నెల పడుద్ది. ఒక్కసారే కడిగుంటే ఇది పెట్టుకోండి, చాలు. ఎక్కువసార్లు కడిగుంటే మాత్రం మీ బండిలో ఈ పెట్టె దూరే సాకెట్టును కూడా మందు తినేసుంటది. అప్పుడు ఇది వారం కూడా ఆగదు. ఒక్కసారేనంటారా?"

నేను రోజూ అడిగే ప్రశ్న అది. గేదె ఏం మేసిందంటే ఎవరూ నిజం చెప్పరు. "మామూలు గడ్డేనండి" అంటారు. మీ పరువు కోసం మూగజీవాన్ని చంపుతారా అని నేను అరుస్తాను. ఆ షెడ్డులో కుర్చీలో కూర్చున్నాక నా అరుపులన్నీ నాకే వినిపించాయి. సిగ్గేసింది.

"ఒక్కసారి కాదండి. ఏడాదిగా ప్రతి ఆదివారం. కడిగింది బావమరిది కాదు, నేను. బకెట్టుతో అయితే వంగాలి, చుట్టూ తిరగాలి. వాడు పత్తికి మందు కొట్టే స్ప్రేయర్ గోడ మీద పెట్టుకుంటే నిలబడే, బానెట్ ఎత్తి లోపల కూడా కడగొచ్చు. ఎవర్నీ పిలవక్కర్లేదు. ట్యాంకు కడిగే వాడేవాణ్ణి."

"ట్యాంకు కడిగారు సరే. గొట్టంలో మిగిలిన మందు?" అన్నాడు. నాలా అరవలేదు. లారీ గుద్దిన బండి దగ్గరికి వెళ్ళి జానెడు వైర్లతో సహా సాకెట్టు కోసుకొచ్చాడు. "ముందు బ్యాటరీ వైరు పీకించండి. ఏ రంగు వైరు ఆ రంగుకే అతికించమనండి. పెట్టెను టిక్కుమనేదాకా నొక్కండి." రెండిటికీ కలిపి మూడు వేలు తీసుకుని, టీ ఇప్పించాడు.

స్టేషన్ ఎదురు మెస్సులో భోజనం చేసి, రెండుంబావు ప్యాసింజర్ ఎక్కాను. నరసరావుపేటలో యేసోబు అనే కూలీ వచ్చి పక్కన కూర్చున్నాడు. సంతమాగులూరు దగ్గర పల్లె. నేను పశువుల డాక్టర్నని తెలిసి మెల్లగా చెప్పాడు. ఉన్న ఒక్క గేదే నిన్న సాయంత్రం నుంచి మేత ముట్టడం లేదు, సొంగ కారుస్తోంది.

"ఏం మేసింది?"

"మామూలు గడ్డేనండి."

వేరే రోజైతే అరిచేవాణ్ణే. సంచిలోంచి పాత పెట్టె తీసి వాసన చూడమన్నాను. పొద్దున గుంటూరులో నేనాడిన అబద్ధం, తర్వాత చెప్పిన నిజం రెండూ చెప్పాను. మునుమాక స్టేషన్ దాటాక యేసోబు నా వైపు తిరిగాడు.

"మందు కొట్టిన పత్తి చేలో, గట్టు మీద గడ్డి కోసుకొచ్చిందండి మా ఆవిడ. బయటపడితే ఆసామి మళ్ళీ కూలికి పిలవడని చెప్పలేదు."

ఎవరికీ చెప్పనన్నాను. ఆ గడ్డి తీసి పారెయ్యమని, దిగగానే సంతమాగులూరు డాక్టరు గారిని ఇంటికి తీసుకెళ్ళమని చెప్పి, ఆయనకు చీటీ రాసిచ్చాను. రేపు నేనూ వస్తానన్నాను.

"మీరెట్టా వస్తారండీ?" అన్నాడు, నా కాలు చూసి.

"కార్లో" అన్నాను. అప్పటికి కారు బుర్ర ఇంకా సంచిలోనే ఉంది.

వినుకొండలో దిగేసరికి ఐదు. బజారులో ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని ఇంటికెళ్ళాను. పాత సాకెట్టు విప్పితే రెండు రాగి కాళ్ళు పొడై రాలాయి. మస్తాన్ గారికి నిజం చెప్పకపోతే ఉన్న ఒక్క పెట్టే తగలబెట్టుకునేవాణ్ణి. కొత్త సాకెట్టు అతికించాక పెట్టె నేనే నొక్కాను. టిక్కుమంది.

ఆదివారం ఉదయం సంతమాగులూరు రోడ్డు మీద మొదటి గేరు, రెండు, మూడు, నాలుగు. ఒక్కోటి పడుతుంటే వీపును ఎవరో మెల్లగా తోసినట్టుంది. ఆ రోడ్డు మీద అంత సంతోషంగా నేనెప్పుడూ బండి నడపలేదు. యేసోబు గేదె లేచి నిలబడింది, గుప్పెడు జొన్న చొప్ప అందుకుంది. తిరిగొస్తూ దారిలోనే నిర్ణయించుకున్నాను. సోమవారం వెళ్ళి, గుంటూరు సీటు వద్దని చెప్పాలి.

ఇంటికొచ్చేసరికి మా బావమరిది శీను స్ప్రేయర్ తెచ్చి ఎప్పట్లాగే గోడ మీద పెట్టి ఉంచాడు. గుంటూరులో వాడి మీద ఆడిన అబద్ధం చెప్పాను. నవ్వాడు.

"ఇక అది వద్దురా శీనూ" అన్నాను. స్ప్రేయర్ గోడ మీంచి దించాను. "బకెట్టు తెచ్చి, కారు నువ్వు కడిగిపెట్టు."

వాడు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"రెండేళ్ళుగా చూస్తన్నా బావా, ఎప్పుడడుగుతావా అని."