సున్నపు గీతల ఇంట్లో ఒక పూట

ఆ రోజు మా ఇంటికి గోడలు లేవు, కప్పు లేదు, గడప కూడా లేదు. అయినా అందరూ దర్వాజలోంచే నడవాలని నాయనమ్మ పట్టుబట్టింది.

పాత రేకుల ఇల్లు అప్పటికే విప్పేశాం. రేకులు, దూలాలు స్థలంలో ఓ పక్కకు పేర్చి, సామానంతా పక్కింటి చాచా వాళ్ల వెనక గదిలోకి కిరాయికి సర్దుకున్నాం. చాచా మేస్త్రి. ఆయన తండ్రి కూడా మేస్త్రే. ఇల్లందు పక్కనున్న మా ఊళ్లో సగం గోడలు ఆ ఇద్దరి చేతుల మీదుగా లేచినవే. అమ్మ పేరు మీద సర్కారు ఇల్లు మంజూరైందని తెలిసిన రోజున మాకంటే ముందు ఆయనే మిఠాయి పంచాడు.

ఇల్లు మొదలైనట్టు లెక్కలోకి రావాలంటే ముందు ముగ్గు పోయాలి. ఏ గది ఎక్కడ ఎంత లేస్తుందో నేల మీద సున్నం పొడితో గీయాలి. గీతల మధ్య ఇంటి యజమానురాలు నిలబడితే ఇంజినీరు మేడం ఫొటో తీసి ఫోన్‌లోనే ఎక్కిస్తుంది. ఆ వారం ముగ్గు పడని ఇళ్లను వెనక్కి తీసుకుని వేరేవాళ్లకు ఇస్తామని పంచాయతీలో ముందే చెప్పారు. మేడం మా ఊరికి వచ్చేది ఆ ఒక్కరోజే.

నేను అందరికంటే ముందు లేచి స్థలమంతా ఊడ్చాను. డిగ్రీ అయ్యాక ఇల్లందు గ్రంథాలయంలో కూర్చుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. పరీక్షల పుస్తకాల కింద కథల పుస్తకాలు పెట్టుకుని చదువుతానని ఇంట్లో ఎవరికీ తెలియదనుకునేదాన్ని. గృహనిర్మాణ విధానం, పట్టణ ప్రణాళిక అనే పాఠాలు మాత్రం నాకు కంఠతా వచ్చు. ఆ పొడుగు మాటలన్నీ కలిసి ఒక బస్తా సున్నమై మా వాకిట్లోకి వస్తాయని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

చాచా గూటాలు కొట్టి, తాడు లాగి, సర్కారు చెప్పిన కొలతకు గీతలు పోశాడు. ఇల్లంతా కలిపి ఆరు వందల చదరపు అడుగులు దాటకూడదు. పోయడం అయ్యాక అందరం వెనక్కి జరిగి చూశాం.

“ఏంది, గింతేనా?” అంది అమ్మ.

“అందరు గిదే అంటరు చెల్లె,” అన్నాడు చాచా. “నేల మీద అగ్గిపెట్టె లెక్క కనబడ్తది. గోడలు లేస్తే గదే పెద్దగైతది. నా మాట నమ్మురి.”

ఎవరూ నమ్మలేదు. బాపు పోయి మంచం ఎత్తుకొచ్చి గదిలో వేశాడు. మంచం పట్టింది. కానీ ఆయన దాని చుట్టూ తిరిగి, లేని గోడకు భుజం తగిలినట్టు ఒళ్లు ముడుచుకున్నాడు. తాడు అడుగు బయటికి జరిగింది. అమ్మ వంటగదిలో గొంతు కూర్చుని, రెండు చేతులూ చాపి, “గిన్నె కడగంగ మోచెయ్యి గోడకు కొట్టుకుంటది” అంది. అక్కడా తాడు జరిగింది.

“మరి నీళ్ల కొట్టు ఏది?” అని అడిగింది నాయనమ్మ.

ఆవిడ పెళ్లి చేసుకుని అడుగుపెట్టింది బొగ్గు కంపెనీ క్వార్టర్లోకి. ముందు దర్వాజ పక్కనే చిన్న నీళ్ల కొట్టు ఉండేదట. గని దిగి వచ్చిన మనిషి బూట్లు, బొగ్గు బట్టలు అందులో విడిచి, అక్కడే స్నానం చేసి, అప్పుడు ఇంట్లో కాలు పెట్టాలి. తాత రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక, ఈ స్థలంలో రేకుల ఇల్లు వేసుకున్నప్పుడు కూడా మొదట కట్టింది ఆ కొట్టునే. మా వాడలో ఏ ఇంటికి పోయినా ముందు అదే కనిపిస్తుంది. అందుకే ఆ మాట ఎవరికీ వింతగా అనిపించలేదు, నాక్కూడా. చాచా దర్వాజ పక్కన, ఇంటి ముందరి బజారు దారి వైపుకు ఇంకో చిన్న గది గీశాడు.

ఇక ఆ పొద్దంతా మేం ఆ ఇంట్లో కాపురం చేశాం. అమ్మ వంటగదిలో కూర్చుని చిక్కుడుకాయలు వలిచింది. బాపు మంచం మీద వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి వేలు చూపిస్తూ “ఫ్యాను ఈడ” అన్నాడు. చాచా సగం గదిలో, సగం గోడలో నిలబడి చాయ్ తాగాడు. నేను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఊరికే తిరిగాను. నవ్వు ఆపుకోవడానికి చున్నీ అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

మేడం స్కూటీ ఆపి, టేపు తీసుకుని, గీత దాటి నేరుగా నడిచి వచ్చింది.

“అయ్యో బిడ్డా, గోడలకెళ్లి వస్తున్నవేంది? దర్వాజ గటుంది!” అని కేక పెట్టింది నాయనమ్మ.

మేడం నిజంగానే వెనక్కి పోయి దర్వాజలోంచి వచ్చింది. మాకంటే ఆవిడే ఎక్కువ నవ్వింది. కానీ టేపు పట్టాక ఆ నవ్వు ఉండలేదు.

“అమ్మా, ఇది కొలత దాటింది. మస్తు దాటింది. గీ ముగ్గుకు నేను ఫొటో తీస్తే రేపు బిల్లు కాడ ఆగుతది, మీకే తిప్పలు. ముందల చూడండ్రి, బజారు మీదికి వచ్చిండ్రు. అందరు గిట్ల వస్తే రేపు అంబులెన్స్ ఎట్ల తిరుగుతది?”

“జర సూడు బిడ్డా,” అంది అమ్మ.

“చూసేదేం లేదక్కా. పక్క గూడెంల ముగ్గు ఉంది, పోయి మళ్ల ఇటే వస్త. అప్పటికి సరిచేసుకోండ్రి. లేకపోతే ముగ్గు పడలేదనే రాయాలె.”

స్కూటీ పోయింది. ఉన్న ఇల్లు విప్పేశాం. ఇది కూడా పోతే కిరాయి గదే గతి. అమ్మ ముఖం చూడలేకపోయాను.

“వంట రూముల తగ్గించు,” అన్నాడు బాపు.

“నీ మంచం కాళ్లు కోసుకో,” అంది అమ్మ.

“నేను ముందుగాల్నే చెప్పిన,” అన్నాడు చాచా తాడు చుడుతూ. “వింటిరా?”

“ఎవలన్న ఏమన్న చేస్కోండ్రి, నా నీళ్ల కొట్టు జోలికి మాత్రం రావద్దు,” అంది నాయనమ్మ.

దేశంలో ఒక కుటుంబానికి ఎంత నేల చాలుతుందో ఎక్కడో పెద్ద ఆఫీసులో కూర్చుని ఎవరో ఆలోచించి ఉంటారు. ఆ కొలత సరైనదో కాదో చెప్పేంత తెలివి నాకు లేదు. కానీ మా గీతల వైపు చూస్తుంటే నాకు ఒకటి కనబడింది. మేం గీసుకున్నది మా ఇల్లు కాదు, తాత డ్యూటీకి పోయే రోజుల్లోని ఇల్లు. బాపు ఇల్లందు నుంచి ఖమ్మం రోడ్డు మీద ఆటో నడుపుతాడు. మా ఇంట్లో గని దిగేవాళ్లు ఎవరూ లేరు. తాత పోయి కూడా చాలా కాలమైంది.

బడిలో జవాబు తెలిసి కూడా చెయ్యెత్తని పిల్లను నేను. నా గొంతు నాకే వినపడలేదు.

“నాయనమ్మా, ఆ కొట్టు ఎవరికి?”

“ఎవలికేంది? డ్యూటీ నుంచి వచ్చినోనికి.”

“ఇప్పుడు డ్యూటీకి ఎవరు పోతున్నరు?”

బాపు తన ఆటో వైపు చూశాడు. చాచా చేతిలో తాడు ఆగింది. ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. తాతను గుమ్మం బయటే నిలబెట్టి తలుపు వేసినట్టు అనిపించింది.

నాయనమ్మ మెల్లగా ఆ చిన్న గదిలోకి పోయి నిలబడింది, దర్వాజలోంచే.

“ఎంత రుద్దినా నల్ల నీళ్లే పోయేటియి,” అంది. “వీపు నేనే తోమేది. అబ్బ, తోలు ఊడుతదే అని ఒకటే ఒర్రుడు.” తర్వాత ముసిముసిగా నవ్వింది. “ఇప్పుడు ఉంటే ఏమంటుండె ఎరుకేనా? ముసల్దానా, ఇంక ఎవని వీపు తోముతవే అంటుండె.”

అంటూనే కాలితో సున్నం గీతను గీకేసింది.

“సూస్తరేంది? తుడువు మేస్త్రి, జల్దీ! ఆ పిల్ల మళ్ల వస్తది.”

అంతే, ఒక్కసారిగా అందరికీ కాళ్లూ చేతులూ వచ్చాయి. అమ్మ చీపురు అందుకుంది. బాపు తను కాజేసిన అడుగు తనే వెనక్కి జరిపి, “వంట రూము ఉండనియ్యి” అన్నాడు. “వద్దు, మోచెయ్యి మలుచుకుంట” అంటూ అమ్మ కూడా జరిగింది. ఇద్దరూ ఇంతలోనే ఇంత మర్యాదస్తులయ్యారేమిటా అని నాకు నవ్వొచ్చింది. చాచా గూటాలు పీకి మళ్లీ కొట్టాడు. టేపు ఒక కొస నా చేతికిచ్చి, “గట్టిగ పట్టు బేటీ, నువ్వే ఇంజినీరువి” అన్నాడు. నేను మూల నుంచి మూలకు పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. జడ నిండా సున్నం. కొట్టు పోవడంతో ముందుగోడ బజారు నుంచి వెనక్కి జరిగింది. ఆటో కాదు, లారీ అయినా తిరుగుతుందన్నాడు బాపు.

“ముందుగోడకు కిటికి పెట్టాలె. ఎంతది పెడదాం?” అని అడిగాడు చాచా.

“పెద్దది పెట్టు,” అంది నాయనమ్మ. “గీ పిల్ల చీకట్ల కూసోని చదువుతది. అవి కతల పుస్తకాలని నాకు ఎరుక లేదనుకుంటది.”

తల ఎత్తలేకపోయాను. అమ్మ నా జడలోని సున్నం దులిపింది.

స్కూటీ చప్పుడు వినపడింది. “దర్వాజకెళ్లే వస్తున్న పెద్దమ్మా,” అంటూ వచ్చింది మేడం. టేపు పరిచింది, మూలలు చూసింది, మళ్లీ పరిచింది.

“అవ్, సరిపోయింది,” అంది.

బాపు చప్పట్లు కొట్టాడు. ఆయన అలా కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కొంగు సర్దుకుని ఇంటి నడిమధ్య నిలబడింది. జీవితంలో ఏదీ తన పేరు మీద లేని మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చిక్కుడుకాయల గిన్నె పట్టుకునే నిలబడింది. నాయనమ్మ పక్కకు చేరబోతే, ఫొటోలో ఒక్కరే ఉండాలంది మేడం.

“అయితే నేను బజార్ల నిలబడ్త. బజారు నీది కాదు గద!” అంది నాయనమ్మ. సరిగ్గా ఫొటోలో పడేచోటే పోయి నిలబడింది. మేడం చూసీ చూడనట్టు నొక్కేసింది.

సాయంత్రం బాపు ఆటో తిప్పుకుని వచ్చేసరికి దర్వాజ ఉండబోయే చోట బయట ఒక బకెట్ నీళ్లు ఉన్నాయి.

“కాళ్లు కడుక్కోని రా,” అంది నాయనమ్మ లోపలి నుంచి.

బాపు చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, దర్వాజలోంచి లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నేను కిటికీ రాబోయే చోట ఖాళీ సున్నం బస్తా పరుచుకుని, కథల పుస్తకం అందరి ముందూ తెరిచాను. బజారు మీదుగా పోయేవాళ్లు ఒక్కొక్కరూ ఆగి, “ఇల్లు మంచిగుంది” అని పోయారు.