మెట్ల కింద ఫినాయిల్ గది

నిన్న సాయంత్రం వీధి చివరి కొట్లో, ఉప్పు పాకెట్ల వెనక, అడుగు అరలో దుమ్ము పట్టి పడున్న నల్ల ఫినాయిల్ సీసా ఒకటి కనబడింది. ఈ రోజుల్లో దాన్ని అడిగేవాళ్లు లేరు. మా అపార్ట్‌మెంట్ మెట్లు కడిగే మందుకి కూడా మల్లెపూల వాసనే. కొట్టతను పాత సరుకని చెప్తున్నా వినకుండా కొనుక్కొచ్చి, వంటింట్లో నిలబడి మూత తిప్పాను. తారూ ఆముదమూ తడి సిమెంటూ కలిసినట్టుండే ఆ ఘాటు ముక్కుకి తగలగానే నా చేతులు రెండూ గబుక్కున కొంగు కిందికి వెళ్లిపోయాయి. పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటున్న నా కూతురు మిన్ని తప్ప ఇంట్లో ఎవరూ లేరు. ఎవరు చూస్తారని దాచుకున్నానో తెలీదు.

నా చిన్నతనమంతా కలకత్తా రేవు పక్క ఏక్‌బాల్‌పూర్‌లో, కార్పొరేషన్ తన పనివాళ్లకిచ్చిన క్వార్టర్స్‌లో గడిచింది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిపడిన కుటుంబాలు మావి. ఇంటికో గది, ముందు సన్నటి వరండా, అందరికీ కలిపి ఒకటే కుళాయి. రేవులో ఓడ కూత వేస్తే మాకు తెల్లవారేది. వానాకాలం వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిస్తే, గోడలకి అంటించగా మిగిలిన ఎర్ర కరపత్రాలతో పడవలు చేసి వదిలేవాళ్లం. బంద్ రోజున ట్రాములు ఆగిపోతే పట్టాల మధ్య ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడేవాళ్లం. డిసెంబరు వచ్చేసరికి వరండాల్లో రంగు కాగితాల నక్షత్రాలు వేలాడేవి, మగవాళ్లు మఫ్లర్లు చుట్టుకుని తెలుగు పాటలు పాడుకుంటూ డాక్ రోడ్డు పొడుగునా తిరిగేవాళ్లు, ఆడవాళ్లంతా ఒకే పెద్ద మూకుడు చుట్టూ చేరి పోకుండలు వేసేవాళ్లు. ఊళ్లో అయితే వాటిని చెరుకు బెల్లంతో చేస్తారట. మేం మాత్రం అప్పుడే బజారుకి దిగిన ఖర్జూర బెల్లంతో చేసుకునేవాళ్లం. ఆ పొగ వాసన లేని పోకుండ నాకిప్పటికీ పోకుండలా అనిపించదు. నాకీ తెలుగు చదవడం, రాయడం వచ్చాయంటే అది కూడా చర్చి వెనక రేకుల షెడ్డులో నడిచిన ఆదివారం బడి చలవే.

నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు. ఆయన పని అమ్మకొచ్చింది, పనితో పాటు గది మాకు నిలిచింది. క్వార్టర్స్‌లో అందరి కథా అదే. పెద్దవాళ్ల చీపురు పిల్లల చేతికి రావాలి, రాకపోతే గది పోతుంది. అమ్మ కార్పొరేషన్ ప్రసూతి ఆసుపత్రిలో వార్డులు కడిగేది. చీకటితోనే హాజరీకి వెళ్లి, మధ్యాహ్నం దాటాక వచ్చేది. వచ్చినా వెంటనే గడప దాటేది కాదు. వరండాలోనే కూర్చుని, రసం పిండేసిన నిమ్మడిప్పలతో గోళ్ల సందులూ వేళ్ల మధ్యా మోచేతుల దాకా రుద్దుకుని, చీర మార్చుకుని, అప్పుడు నన్ను దగ్గరికి తీసుకునేది. మూల మీది షర్బత్ బండతను రోజూ ఆ డిప్పలు అమ్మ కోసం కాగితంలో కట్టి ఉంచేవాడు. చుట్టుపక్కల అందరిళ్లలోనూ ఆసుపత్రి ఫినాయిల్ చిన్న సీసాల్లో ఉండేది. మా గదిలోకి మాత్రం ఒక్క చుక్క రానిచ్చేది కాదు, మా నేల ఉప్పునీళ్లతోనే తుడిచేది. పక్కగది సత్యమ్మ పెద్దమ్మకి అదంతా వేడుక. “ఎంత తోమితే ఏటి లాబమే? రేపు నీ సీపురు నీ గుంటకే గదా,” అనేది నన్ను చూపించి. అమ్మ ఇంకాస్త గట్టిగా రుద్దుకునేది.

ఆ చీపురు నా చేతికి రాకూడదనే, క్వార్టర్స్ పిల్లలంతా వెళ్లే హిందీ బడిలో కాకుండా, ఆఫీసుల్లో కూర్చుని పని చేసేవాళ్ల పిల్లలు చదివే బెంగాలీ బడిలో నన్ను వేసింది. అది ఆడపిల్లల బడి. అమ్మ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ‘సర్వీస్’ అని చెప్పమంది. కలకత్తాలో ఆ మాట అంటే ఆఫీసు ఉద్యోగమని, ఇంక ఎవరూ ఏమీ అడగరు. నేను ఆ ఒక్క మాట పట్టుకుని ఆరో తరగతి దాకా వచ్చేశాను.

ఆరో తరగతిలో వర్క్ ఎడ్యుకేషన్ అని ఒక పీరియడ్ మొదలయ్యేది. ఏడాదంతా కొన్నాళ్లొకటి, కొన్నాళ్లొకటి చేయించి చూపించేవాళ్లు. బట్ట మీద పువ్వులు కుట్టడం, బంకమట్టి బొమ్మలు, పాత పుస్తకాలకి అట్టలు కట్టడం, కొవ్వొత్తులు, అన్నిటికన్నా చివర ఫినాయిల్. ఏడో తరగతికి వచ్చాక ఎవరికి నచ్చింది వాళ్లు కోరుకోవాలి. కుట్టుపని గది మేడ మీద, కిటికీల్లోంచి గుల్‌మొహర్ కొమ్మలు లోపలికి వచ్చేవి, బాగా చదివే అమ్మాయిలంతా అక్కడే చేరేవాళ్లు. నా సూది మాత్రం బట్టని వదిలేసి నా వేలినే వెతుక్కునేది. నేను చేసిన మట్టి చిలకకి ఆరేలోపే తల ఊడింది.

ఫినాయిల్ గది మెట్ల కింద ఉండేది. అక్కడ చెప్పే శిఖా దిది మా సైన్సు టీచరు. కిరసనాయిలు స్టవ్ మీద ఇనప మూకుట్లో ఆముదం కాగుతుంటే, పటికబెల్లంలా మెరిసే పసుప్పచ్చ గడ్డలు దిదే అందులో వేసి కరిగించారు, ఆరో తరగతి వాళ్లం దూరంగా నిలబడి చూడడమే. తర్వాత కాస్టిక్ నీళ్లు, అంతా చల్లారాక తారు వాసన వేసే నల్లనూనె. మందు తయారయ్యాక దిది గాజుగ్లాసులో నీళ్లు పోసి, ఒక్క నల్లటి చుక్క అందులో వదిలారు. ఆ చుక్క కిందికి దిగుతూ విచ్చుకుని, పొగలా పాకి, చూస్తుండగానే గ్లాసుడు నీళ్లూ పాలలా అయిపోయాయి. అలా తెల్లబడితేనే మందు కుదిరినట్టట, నూనె పైన తేలితే పాడైనట్టట. ఆ వాసనలోనే పుట్టి పెరిగిన నేను దాని లోపల అంత తెలుపు ఉందని ఎన్నడూ చూడలేదు. నల్లది తెల్లగా ఎలా అయిందని అడిగితే దిది బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. నాకు సగమే అర్థమైంది. మిగతా సగం కోసం, ఏడో తరగతిలో నా పేరు పిలిచినప్పుడు లేచి నిలబడి ఫినాయిల్ అన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

అమ్మకి చెప్పలేదు. చెప్పకపోయినా దాగే సంగతి కాదు. ఆ మొదటి క్లాసు రోజున వానలో తడిసి ఇంటికొచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చుంటే, అన్నం పెడుతున్న అమ్మ ఆగిపోయింది. నా చెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఈ వాసన నీ సేతికెక్కడిదే?”

బళ్లో చేయిస్తున్నారని చెప్పాను. చేయిస్తున్నారన్న ఆ ఒక్క మాటే అమ్మకి వినబడింది. గుమాస్తాల కూతుళ్లని మేడ మీద పువ్వులు కుట్టడానికి పంపి, తన కూతుర్ని మెట్ల కింద ఫినాయిల్ దగ్గర పెట్టారనుకుంది. ‘సర్వీస్’ అంటే ఏమిటో వాళ్లకి తెలిసిపోయిందనుకుంది. “దీనికేనేటి నిన్నక్కడ ఏసింది,” అని గోడతో చెప్పినట్టు అంది. ఆ పూట అన్నం తినలేదు. వాళ్లతో మాట్లాడతానని, లేకపోతే ఆ బడి మానిపించేస్తానని అంది. ఆ వారమంతా నేను భయంతో పుస్తకాల సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాను.

మళ్లీ వర్క్ ఎడ్యుకేషన్ ఉన్న రోజున అమ్మ సెలవు పెట్టింది. పోయిన క్రిస్మస్‌కి కొన్న జరీ అంచు నీలం చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, నా చెయ్యి పట్టుకుని తిన్నగా మెట్ల కింది గదికి వచ్చింది. అమ్మకొచ్చిన బెంగాలీ ఆసుపత్రి వార్డులో నేర్చుకున్న బెంగాలీ. రోగుల బంధువులని పక్కకి జరగమనడానికి సరిపోయే ఆ భాషలోనే, గొంతు పెంచకుండా, నా పిల్లని ఈ పనికి ఎవరు పెట్టారు, ఇంత పెద్ద బడిలో దానికి ఇంకో చోటే దొరకలేదా అని శిఖా దిదిని అడిగింది. దిది తెల్లబోయారు. ఎవరూ పెట్టరనీ, పిల్లలే కోరుకుంటారనీ, కావాలంటే మీ అమ్మాయినే అడగమనీ అన్నారు.

అమ్మ నావైపు తిరిగింది. “సెప్పే ఎస్తేరా. నిన్నెవులు పెట్టారిక్కడ?”

“ఎవులూ కాదమ్మా. నానే అడిగాను.”

ఆ బడిలో నేను తెలుగు మాట్లాడడం అదే మొదలు. అమ్మ ముఖంలో అంతవరకూ ఉన్న కోపం పోయింది, దాని చోట ఏమీ రాలేదు. నా తరఫున దెబ్బలాడడానికి వచ్చిన మనిషి, నా మాటతోనే అంతమంది ముందు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియకుండా నిలబడిపోయింది. దిది మంచావిడ. ఆ ఇబ్బంది చూడలేక, మీ అమ్మకి చుక్క వేసి చూపించమని గ్లాసు నా ముందు పెట్టారు. నేను గ్లాసుని కాక అమ్మనే చూస్తూ సీసా వంచాను. చుక్కకి బదులు ధారే పడింది, సీసా మూతి తగిలి గ్లాసు ఒరిగింది, తెల్లటి నీళ్లు బల్ల మీంచి నేలంతా పారాయి. నేను వెనక్కి తగ్గి బెంచీ మీద కూలబడ్డాను.

తర్వాత జరిగింది అమ్మకి కూడా తెలియకుండానే జరిగి ఉంటుంది. మూలనున్న గుడ్డ ఆమె చేతికెప్పుడు వచ్చిందో, జరీ అంచు మోకాళ్ల మధ్య దోపుకుని ఎప్పుడు కూర్చుందో నేను చూడలేదు. చూసేసరికి, వార్డులో తుడిచినట్టే చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ బెంచీల వైపు వస్తోంది. అమ్మాయిలు ఒక్కొక్కరే పాదాలు పైకెత్తారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏమీ అనుకోలేదు. నేల తుడిచే మనిషి వస్తే ఎవరైనా చేసే పనే అది. శిఖా దిది కూడా కుచ్చిళ్లు పట్టుకుని పక్కకి జరిగారు. అమ్మ నా దగ్గరికి వచ్చేసరికి నా పాదాలూ పైకి లేచి ఉన్నాయి. తుడుస్తున్నది ఎవరో తెలిసి కూడా లేచాయి. వాటి కిందనుంచి అమ్మ చెయ్యి వెళ్లింది. తల మాత్రం పైకెత్తలేదు.

గుడ్డ పిండి ఆరేసి, నిలబడ్డాక, అప్పుడు చూసుకుంది తడిసిన చీరని. దిదికి దండం పెట్టి, దీన్ని బాగా చదివించమని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

బడి మానిపించలేదు. ఫినాయిల్ మానేయమనీ అనలేదు, మానొద్దనీ అనలేదు. ఆ వారం నుంచి, ఆ పీరియడ్ ఉన్న రోజున నేను ఇంటికొచ్చేసరికి వరండాలో సగం నిమ్మడిప్పలు నా కోసం విడిగా పెట్టి ఉండేవి. అమ్మ నా చేతులు ఒళ్లో పెట్టుకుని, వేలు వేలునా, గోళ్ల పక్క చీలికల్లో మండుతున్నా వదలకుండా రుద్దేది. సత్యమ్మ పెద్దమ్మ తన వరండాలోంచి చూస్తూ ఉండేది గానీ ఆ చీపురు మాట మళ్లీ అనలేదు. ఆ తర్వాత నేను కాలేజీలో కెమిస్ట్రీ చదివాను, దిది గీసిన బొమ్మలో మిగతా సగం తెలుసుకున్నాను, ఉద్యోగం రాగానే మేం ఆ గది ఖాళీ చేశాం. అమ్మా నేనూ ఆ రోజు గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆ క్వార్టర్స్ లేవు. సుత్తీ కొడవలీ వేసిన ఆ గోడలూ లేవు, ఆ దారిన ట్రామూ లేదు. పిల్లలు తగ్గిపోయి బడి మూసేశారు; మెట్ల కింది గదిలో ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు పేర్చుకున్నారని విన్నాను. అమ్మ పోయి కొన్నేళ్లయింది. అమ్మమ్మ ఏం చేసేదని మిన్ని అడిగితే, కార్పొరేషన్‌లో సర్వీస్ అని చెప్పాను.

మిన్ని బడిలో కూడా ఈ ఏడాదంతా రకరకాల క్లబ్బులు రుచి చూపించి, ఇప్పుడు ఒకటి ఎంచుకోమంటున్నారు. రేపటిలోగా ఫోన్‌లో నొక్కాలట. రోబోలున్నాయి, కీబోర్డు ఉంది, కుండలు చేయడం ఉంది. దానికి మాత్రం నిమ్మ తొక్కలూ నారింజ తొక్కలూ బెల్లం నీళ్లలో నానబెట్టి నేల తుడిచే మందు తయారుచేసే క్లబ్బే కావాలి. వద్దన్నాను. ఎందుకని అడిగితే రోబోలు ముందుముందు పనికొస్తాయన్నాను. ఆ మాట నమ్మినట్టు తల ఊపింది, నాకే నమ్మకం కలగలేదు. దాని విషయంలో ప్రతిదానికీ భయపడతానని మా ఆయన అంటుంటారు. నిజమే, కానీ ఇది ఎలాంటి భయమో ఆయనకీ చెప్పలేదు.

ఈ సాయంత్రం మిన్ని బడి నుంచి తెచ్చిన ఆ తొక్కల మందు చిన్న సీసా మూత తీసి, “ఎంత బాగుందో చూడమ్మా,” అంటూ తన చేతులే నా ముక్కు దగ్గర పెట్టింది. నిమ్మడిప్పల వాసన. ఆ తొందరలో సీసా జారి నేలంతా పారింది. నేను కుర్చీలోంచి లేచేలోపే అది పరిగెత్తి గుడ్డ తెచ్చుకుని గొంతుక్కూర్చుంది. “అమ్మా, కాళ్లెత్తు,” అంది.

అది చెప్పకముందే ఎత్తి ఉన్నాను.

చూసుకుని, దించేశాను. అప్పుడే తుడిచిన తడి మీద రెండు పాదాలూ ఆనాయి. మిన్ని తల పైకెత్తి నన్ను కోపంగా చూసింది. “ఏంటమ్మా, ఇప్పుడేగా తుడిచాను, మళ్లీ మరకలు చేసేశావు,” అని విసుక్కుంది.

అది పడుకున్నాక, ఇది రాయడానికి కూర్చునే ముందు, అది అడిగిన క్లబ్బే నొక్కాను. ఆ రోజు ఆ గదిలో మా అమ్మ మాత్రం ఎవర్నీ విసుక్కోలేదు.