మామ విప్పుకున్న కుట్లు

మా మేనమామ పోయి నేటికి పదహారు రోజులు. "మామ పోయిండు బిడ్డా. నువ్వు ఉరకకు, మెల్లగ రా" అని ఆసుపత్రి నుంచి అత్త ఫోన్ చేసినప్పుడు నేను పంజాగుట్టలో మా ఆఫీసు లిఫ్ట్ ముందు ఉన్నాను. ఆయన పోయాడన్న మాటకంటే నన్ను ఉరకవద్దన్న మాటే చెవిలో ఎక్కువసేపు ఉండిపోయింది. ఆయనా నేనూ శ్రీలంక నుంచి తిరిగొచ్చి అప్పటికి మూడు వారాలే.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో మామది టైలర్ షాపు. వీసా ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలకు ఏళ్ల తరబడి ప్యాంట్లు, షర్టులు కుట్టాడు. ఎవరికి కుట్టినా లోపల రెండు వేళ్ల బట్ట అదనంగా వదిలేవాడు. "ఒళ్లు మన మాట ఇనదు. లోపల జర బట్ట ఉంచాలె" అనేవాడు. నా పెళ్లినాటి జాకెట్లు ఇప్పటికీ పడుతున్నాయంటే ఆ బట్ట పుణ్యమే.

గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరడం మొదలయ్యాక ఒకరోజు, "అందరినీ విమానం ఎక్కించిన. నేను సుత ఒక్కసారి ఎక్కుత. సముద్రం చూడాలె" అన్నాడు. విశాఖ పోదామన్నాను. "గది మన దేశమే గదా" అని కొట్టిపారేశాడు. విమానమంటే భయమని అత్త రానంది. డాక్టరు అయిష్టంగానే ఒప్పుకుని నాకొక గుర్తు చెప్పారు. నడుము దగ్గర ప్యాంటు బిగిసిందంటే నీరు పెరుగుతున్నట్టు, ఇక ఆగకుండా వెనక్కి తీసుకొచ్చేయాలి.

శ్రీలంకలో సముద్రానికి ముందు కొండల మీది ఊళ్లో ఉన్న మూడు రోజులూ పొద్దున్నే అదే అడిగాను. "లూజే ఉంది, చూడు" అని నడుములో వేలు దూర్చి చూపించేవాడు. నాలుగో రోజు టీ పట్టుకుని పిలవకుండా గదిలోకి వెళ్లాను. మంచం మీద కూర్చుని ప్యాంటు వెనక కుట్టు విప్పుకుంటున్నాడు. అంతకుముందు విప్పిన కుట్ల తాలూకు సూది రంధ్రాలు రెండు వరుసలు కనబడ్డాయి. టైలరుకు ప్యాంటును గుర్తుగా పెట్టిన తెలివి మాది.

నాకు ఒళ్లు మండింది. "ఎందుకు చెప్పలే మామా?" అన్నాను.

"చెప్తే వాపస్ తీసుకపోతవ్" అన్నాడు తలెత్తకుండానే. "ఇంక సముద్రం కాడికే పోలే. ఒక్క దినం బిడ్డా."

ఆ సాయంత్రం హైదరాబాదుకు విమానం ఉంది. డాక్టరుకు ఫోన్ చేస్తే ఏమంటారో నాకు తెలుసు. అందుకే చేయలేదు. ఆ విమానం వదిలేసి ఆయన్ను సముద్రం దగ్గరికి తీసుకెళ్లాను.

తిరిగొచ్చిన మర్నాడే ఆసుపత్రిలో చేర్చాం. ఆయన పోయాక, ఆ ఒక్క రోజు ముందొచ్చి ఉంటే బతికేవాడా అని డాక్టరును అడిగాను. "చెప్పలేమండీ" అన్నారు. అవునంటే ఏడ్చేదాన్ని, కాదంటే ఊపిరి తీసుకునేదాన్ని. ఈ మాటతో ఏం చేయాలో తోచడం లేదు. కోరిక తీర్చానా, ప్రాణం తీశానా? పొద్దున ఒకటనిపిస్తుంది, మధ్యాహ్నానికి ఇంకొకటి. మీలో ఎవరైనా ఇలా జబ్బు మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి ఉంటే, మీకైనా ఏమైనా తేలిందా?

పదకొండో రోజున కుట్ల సంగతి అత్తకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె నా పక్కకు జరిగి, "ఆ దినం ఏం చేసిండో చెప్పు" అంది. నీళ్ల అంచున ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడని చెప్పాను. అప్పట్నుంచి నేను ఆఫీసయ్యాక ఎప్పుడు వెళ్లినా అదే అడుగుతోంది. నేను తప్పు ఒప్పుకుంటున్నట్టు చెబుతాను. ఆమె పెళ్లి ముచ్చట విన్నట్టు వింటుంది.

నిన్న మాత్రం ఒకటి కొత్తగా అడిగింది.

"అల వచ్చినప్పుడు కాళ్లు తీసిండా?"

"తీయలే అత్తా. ఉబ్బిన కాళ్లు రెండూ నీళ్లలనే పెట్టి, ఇంకో అల కోసం చూస్తుండె."

అత్త కూర్చున్న చోటే పాదాల మీది చీర అంచును కొంచెం పైకి జరుపుకుంది.