అర పేజీ సర్వీసు చరిత్ర

మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఎవరు రిటైరైనా కృతజ్ఞతా కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన అయ్యాక ఆ మనిషి సర్వీసు చరిత్ర చదివితే గానీ బిర్యానీ గిన్నె మూత తీయరు. ఆ చరిత్రలు రాసే పని నాది. తెనాలిలో తెలుగు మాస్టారు ఒకడున్నాడు కదా అని, పెళ్ళి పిలుపుల నుంచి భూస్థాపన రోజు చదివే జీవిత చరిత్రల దాకా మా బంధువులు నన్ను బాగానే వాడుకున్నారు.

చిక్కల్లా మా బావతో వచ్చింది. అణు క్షిపణులు మోసే జలాంతర్గామిలో పనిచేసి, రిటైరై, బాపట్లలో ఇల్లు కట్టుకున్నాడు. కాగితం, పెన్ను పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఎక్కడెక్కడ తిరిగారు బావా?"

"సముద్రంలో."

"ఏ సముద్రం?"

"ఉప్పగా ఉండేది."

"క్షిపణిని దగ్గర్నుంచి చూశారా?"

"గారెలు చల్లారిపోతున్నాయి, తిను."

వంటింట్లోంచి అక్క నవ్వింది. "నాకే చెప్పలేదురా ఇన్నేళ్ళూ. లోపల ఏం తిన్నారో అది మాత్రం చెప్పేవారు."

నిజమే. నెలల తరబడి నీళ్ళ అడుగున ఉండి వచ్చిన మనిషి, ఇంటికొచ్చి వర్ణించింది డబ్బాల్లో నిలవ ఉంచిన అనాస ముక్కల రుచిని.

సరదాగా అడుగుతున్నాను గానీ నాకు లోపల గుబులుగానే ఉంది. కొన్నేళ్ళ కిందట రేపల్లెలో వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు బావ రాలేదు. జలాంతర్గామి నీళ్ళలో ఉంది. లోపలున్న వాళ్ళకు ఇంట్లో చావు కబురు చెప్పరట, చెప్పినా వాళ్ళు బయటికి రాలేరు. అది ఎప్పుడు బయల్దేరిందో అక్క ఎవరితోనూ అనకూడదు. ఏదో ఒకటి రాయాలి కదా అని, నాన్నగారి జీవిత చరిత్రలో 'సెలవు దొరకనందున చిన్న కుమారుడు రాలేకపోయారు' అని రాసి, సమాధి దగ్గర నేనే గట్టిగా చదివాను. తండ్రి పోతే ఏ ఉద్యోగంలో సెలవివ్వరండి? రేపల్లెలో చుట్టాలందరూ అదే అడిగారు. బావ వాళ్ళ అన్నయ్య ఆ రోజు నుంచి తమ్ముడితో మాట్లాడటం మానేశారు. బావ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. నన్ను కూడా ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అక్క బతిమాలితే అన్నయ్యగారు కూడికకు వచ్చారు. లేచి వెళ్ళిపోవడానికి వీలుగా గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నారు. బావ సర్వీసు చరిత్ర అర పేజీలో అయిపోయింది. వెనక వరసల్లో బిర్యానీ మీద ఆశ పుట్టింది. నేను మాత్రం కూర్చోలేదు.

"ఆ రోజు సెలవు దొరకలేదని రాసింది నేనండి," అన్నాను. "అది అబద్ధం. బావ అప్పుడు నీళ్ళ అడుగున ఉన్నారు. తండ్రి పోయారని ఆయనకి తెలిసింది నెల దాటాక."

అన్నయ్యగారు బావ వైపు చూశారు. "నిజమేనా?"

"అవునన్నయ్యా."

తర్వాత బావ ఇన్నేళ్ళుగా ఎవరినీ అడగలేని మాట అడిగాడు. "నాన్న పెట్టె మీద నా బదులు మట్టి ఎవరేశారు?"

"నేనే," అన్నారు అన్నయ్యగారు. "నాదో పిడికెడు, నీదో పిడికెడు. తిట్టుకుంటూనే వేశాలేరా."