మిఠాయి షెడ్డులో రంగమ్మాళ్ తరగతి

నా సహధర్మచారిణి రంగమ్మాళ్ కాలధర్మం చెందిన వార్త కోవిల్‌పట్టిలో అందరికంటే ఆలస్యంగా తెలిసినది నాకే. ఆ ఉదయం మైదానంలో హాకీ పిల్లల చేత పరుగులు తీయిస్తున్నాను. వేరుశనగ మిఠాయి చేసే షెడ్డు నుంచి ఒక ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. "అక్క పడిపోయినాది, రండి సార్" అన్నారు అందులో వచ్చినవారు. నేను ప్రభుత్వాసుపత్రికి చేరేసరికి అంతా ముగిసిపోయింది. బెల్లం పాకం వాసన వేసే చీరలతో షెడ్డు ఆడవాళ్ళు మంచం చుట్టూ నిలబడి ఉన్నారు. ఒకామె పాదాలు పట్టుకొని ఉంది, ఇంకొకామె నుదుటి మీది చెయ్యి తీయడం లేదు. భర్తనని చెప్పుకొని దారి అడగవలసి వచ్చింది. దుఃఖం తరువాత వచ్చింది. ముందు వచ్చినది అసూయ. ఆ మాట దాచిపెట్టి ఆమె సుగుణాలను మాత్రమే కీర్తిస్తే రంగమ్మాళ్ నవ్వుతుంది. నా అసూయ ఆమెకు కొత్త కాదు.

నేను ఉద్యోగ జీవితమంతా వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. దేహమే నా శాస్త్రమనీ, క్రమశిక్షణే నా మంత్రమనీ గర్వించినవాణ్ణి. మా అమ్మాయి పెళ్ళై శివకాశికి వెళ్ళిపోయాక ఒకనాడు రంగమ్మాళ్ విరుదునగర్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీ ఉన్నదనీ, అక్కడ ప్రజారోగ్యమూ వ్యాయామ విజ్ఞానమూ కలిపి డిప్లొమా చెబుతారనీ, తాను చేరుతున్నాననీ చెప్పింది. అనుమతి అడగలేదు, చెప్పింది. నేను నవ్వాను. "బస్సు కోసమైనా పరిగెత్తని దానివి, నీకెందుకు వ్యాయామం?" అన్నాను.

"ఒడంబు గురించి, ఈ ఒంటి గురించి ఊరి పిల్లకాయలకంతా చెప్పినారు. ఒక పొద్దైనా నాకు చెప్పినారా?" అన్నది. కోపం లేదు ఆ గొంతులో. మరునాడు బస్సెక్కింది.

ఆ చదువు మా ఇంటి గాలినే మార్చివేసింది. చారు కాగుతుండగా తొడ కండరాల పేర్లు ఇంగ్లీషులో వల్లె వేసేది. మెట్లు ఎక్కినప్పటికంటే దిగినప్పుడు మోకాలు ఎక్కువ నొప్పి పెట్టడానికి కారణమేమిటని నన్నడిగింది. నాకు తెలిసిన సమాధానమే చెప్పాను. అది విని, మర్యాదగా తల ఊపి, ఎస్తేర్‌కు ఫోన్ చేసింది. ఎస్తేర్ ఆమె సహాధ్యాయిని. అగ్గిపెట్టెల యూనిట్‌లో పనిచేసే తెలుగు దంపతుల బిడ్డ, మా అమ్మాయి కంటే చిన్నది. వాళ్ళిద్దరూ బస్సులో పక్కపక్కన కూర్చొని ఒకే డబ్బాలో అన్నం తినేవారు. సాయంత్రం స్టాండుకు ఎదురు వెళితే, బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి రంగమ్మాళ్ నవ్వు వినిపించేది. నన్ను చూడగానే ఆ నవ్వు ఆగిపోయేది. "ఏమిటి సంగతి?" అని అడిగితే "ఏమీ లేదు, సుమ్మానే" అనేది. ఊరికే అనడానికి వాడే ఆ సుమ్మా అనే తమిళ మాటను నేను ద్వేషించాను.

క్షేత్రశిక్షణ కోసం ఆమె ఎన్నుకున్నది మిఠాయి షెడ్డు. రోజంతా నేల మీద కూర్చొని మిఠాయి ముక్కలు పొట్లాలు కట్టే ఆడవాళ్ళకు పని మొదలుకాక ముందు తరగతి. తొలిరోజు సహాయపడదామని నేనూ వెళ్ళాను. ఈల ఊది, "నిలబడండి, వరుసగా" అన్నాను. ఒక్కరూ కదలలేదు. రంగమ్మాళ్ మాత్రం వాళ్ళ మధ్యకు వెళ్ళి నేల మీద కూర్చొని, వాళ్ళ తమిళంలోనే "మీరు దినమూ ఎట్ల లేస్తారో అట్ల లేసి చూపండి" అన్నది. ఒకామె గోడ పట్టుకొని లేచింది, ఒకామె పక్కామె భుజం పట్టుకొని. "నాకూ అట్లనే" అంటూ తానూ మోకాలి మీద చెయ్యి ఊని లేచింది. అందరూ నవ్వారు. అక్కడితో వాళ్ళు ఆమె మనుషులైపోయారు.

దారిలో నేను మూతి ముడుచుకొని ఉంటే ఆమె అన్న మాట ఇది: "మీ పిల్లకాయలు గెలిచేదానికి పరిగెత్తుతారు. వీండ్లు రేపు మళ్ళా పనికి వచ్చేదానికి లేస్తారు. రెంటికీ ఒకే ఈల పనికిరాదు." ఉపాధ్యాయ వృత్తి మీద ఇంతకంటే సూక్ష్మమైన వ్యాఖ్య నేను వినలేదు. ఆ రోజు మాత్రం ఒప్పుకోలేదు.

కొన్ని నెలలకు ఆ ఆడవాళ్ళు వీధిలో నన్ను చూసి, "అక్క ఇంటాయన" అనడం మొదలుపెట్టారు. నా చేత హాకీ కర్ర పట్టుకోవడం నేర్చుకున్నవారు ఊరంతా ఉన్నారు. అయినా ఆ వీధిలో నేను అక్క ఇంటాయననే.

ఆమె పోయిన తరువాత ఊరు మరొక మాట అన్నది. ఒంటికి మంచిదని చెప్పినావిడే వ్యాయామం చేయిస్తూ చేయిస్తూ పోయింది, ఇంక మనకెందుకు? షెడ్డులో తరగతి ఆగిపోయింది. ఆ మాట మా వాకిట్లోనే ఒక బంధువు అంటుంటే, మూలన నిలబడి ఉన్న ఎస్తేర్ ముందుకు వచ్చింది.

"అక్క గుండె ముందే బాగలేదు సార్. చిన్నప్పుడు జరం వచ్చి లోపల కవాటం చెడిపోయినాదని మదురై డాక్టర్ చెప్పినాడు. ఆపరేషన్ చెయ్యాల అన్నాడు. మెల్లగా ఒడంబు కదిలించొచ్చు, బయం లేదు అన్నాడు. డిప్లొమా ముగిసినాక చేసుకుంటా అన్నాది అక్క."

"నీకెలా తెలుసు?" అన్నాను.

"క్లాసులో ఒకరి నాడి ఒకరు చూడాల. అక్క నాడి నేను చూసినాను. తప్పి తప్పి కొట్టినాది. నేనే బలవంతంగా డాక్టర్ దగ్గరికి పిల్చుకొని పోయినాను."

ఎందరో పిల్లల మణికట్టు పట్టి నాడి చూసిన చెయ్యి ఇది. ఇంట్లో నా పక్కనే నడిచిన ఆ నాడి ఒక పిల్లకు ఒక్క పాఠంలో దొరికింది. నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఎస్తేర్ తల వంచుకొని, "మాస్టర్‌కు చెప్తే నన్ను బెంచీ మీద కూర్చోపెడతాడు అన్నాది సార్" అన్నది.

నిజమే, కూర్చోపెట్టేవాణ్ణి. దెబ్బ తగిలిన ఆటగాణ్ణి మైదానంలో ఉంచడం నా ధర్మం కాదు. ఈనాటికీ నాదే సరైన నిర్ణయమని వాదించగలను. వాదించడానికి ఎదుట మనిషి కావాలి.

ఎస్తేర్ షెడ్డుకు వెళ్ళి ఈ సంగతంతా ఆడవాళ్ళకు చెప్పింది. మందు మింగుతూ, డాక్టర్ చెప్పిన హద్దులో ఉంటూనే అక్క తమతో కూర్చొని లేచిందని విన్నాక, వాళ్ళు మళ్ళీ తరగతికి వచ్చారు. ఇప్పుడు పాఠం ఎస్తేర్ చెబుతున్నది. మొన్న నేనూ వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. లేచేటప్పుడు లెక్క పెట్టలేదు ఎవరూ. పాట అందుకున్నారు.

"కాయ మనది కాదుగాని, కడుపు మనదే, లేవే."

అది మా మెట్టపొలాల్లో వేరుశనగ పీకేటప్పుడు కూలి ఆడవాళ్ళు పాడే తెలుగు పాట. పెళ్ళికి ముందు రంగమ్మాళ్ వాళ్ళతో కలిసి కాయ పీకిందని తెలుసు. ఆమె పాడగా నేను ఒక్కనాడూ వినలేదు. ఇక్కడ తెలుగు రాని ఈ తమిళ ఆడవాళ్ళందరూ విన్నారు, నేర్చుకున్నారు. మళ్ళీ అసూయే.

తరగతి ముగిశాక పాప్పాత్తి అనే పెద్దావిడ నా దగ్గరికి వచ్చి తమిళంలో అడిగింది. "కడుప్పు అంటే తెలుసు సార్, ఒళ్ళు సలిపే నొప్పి. నొప్పి మనదే అని పాట. ముందు మాటలేమిటో చెప్పండి."

వాళ్ళ తమిళంలో కడుప్పు అంటే నొప్పి. మా తెలుగులో కడుపు అంటే పొట్ట. పండిన కాయ ఆసామిది, ఆకలి మాత్రం మనది అని పాట. వాళ్ళు ఇన్నాళ్ళూ నొప్పి మనదే అనుకొని పాడుతూ లేస్తున్నారు.

"కాయ మనది కాదు అని అర్థం" అని మాత్రం చెప్పాను. మిగతాది సరిదిద్దలేదు. రంగమ్మాళ్ ఆ పొరపాటు గమనించలేదా, గమనించి అదే బాగుందని ఊరుకున్నదా? ఇంటికి వెళ్ళగానే ఆమెనే అడగాలనుకున్నాను. గుమ్మం దాకా వచ్చి, అడగాలన్న ఆ ఆత్రంతోనే చెప్పులు విడిచాను.